పిల్లికి దోమతెర రాసిన డాక్టరు

ఆయన పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మండపేట సెంటర్లో బస్సు కోసం నిలబడి, ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. పాడి రైతులు కట్టించిన ఫ్లెక్సీ. ఒక పక్క ఆయన ఫొటో, ఇంకో పక్క ముర్రా గేదె బొమ్మ. అక్షరాలు పెద్దవి, బిరుదులు అంతకంటే పెద్దవి. పిల్లి బొమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఫొటోలో కళ్ళజోడు కళ్ళకే ఉంది. నేనెరిగిన మనిషికి అది ఎప్పుడూ నుదుటి మీద ఉండేది. దేన్నైనా నిజంగా చూడాలనుకుంటే కళ్ళజోడు పైకి తోసేసి, ముక్కు ఆనేంత దగ్గరికి వంగేవారు.

ఆ ఫ్లెక్సీ కట్టించిన వాళ్ళలో ఇద్దరి దగ్గర నా ఫోన్ నంబరుంది. పోయినవాళ్ళ కోసం పెట్టే ఆదరణ కూడిక కూడా చర్చిలో అయిపోయిందట. సరే. ఇలాంటివి నాకు కొత్త కాదు. మా మేనమామ కూతురి పెళ్ళిలో నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టడం, మా వరుసకి వచ్చేసరికి గుత్తివంకాయ కూర అయిపోవడం నాకు నిన్నటి సంగతిలా గుర్తు. నేను మర్చిపోను. డాక్టరు గారిని కూడా అలాగే, ముందు ఒక అవమానంగానే గుర్తుపెట్టుకున్నాను.

పశువైద్యశాలలో ఆయన వచ్చిన మనిషిని పలకరించేవారు కాదు. వచ్చిన జంతువుని పలకరించేవారు. గేదె వస్తే గేదెకి ఎదురెళ్ళి, "ఏమండీ, ఎన్నాళ్ళయింది మేత మానేసి?" అనేవారు. మేకనీ అండీ అనే అనేవారు, కోడిపెట్టనీ అండీ అనే అనేవారు. ఆ తరవాతే పలుపు పట్టుకున్న మనిషి వైపు తిరిగేవారు, అదీ గేదె జవాబు చెప్పలేదు కాబట్టి. తాకబోయే ముందు చేతి వాచీ విప్పి చొక్కా జేబులో వేసుకునేవారు. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చచేసుకునేవారు. రోహిణి ఎండల్లో కూడా. మండపేట ఎండలో చేతులు వెచ్చచేసుకునే మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. మెడ మీద వాపు కనిపిస్తే దాని చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, "రేపటికి ఇది గీత దాటుద్దో, లోపలికొస్తదో చూసి చెప్పండి" అనేవారు. ఆయన చూసిన గేదెలు వీధుల్లో నడిచిపోతుంటే ఒంటి మీద నీలం గీతలు కనిపించేవి.

ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు తెలిసింది, నన్ను కూర్చోమనలేదని మాత్రమే.

నేను ఉప్పుడు బియ్యం మిల్లులో గుమస్తాని. ఎలకల కోసం మిల్లులో ఎప్పుడూ పిల్లి ఉంటుంది. అప్పుడున్నది తౌడు. ఒళ్ళంతా తౌడు రంగు, ముక్కూ చెవులూ మాత్రం నల్లగా ఉంటాయి కాబట్టి ఆ పేరు. పగలంతా నా బల్ల మీద, ఇన్‌వాయిస్‌ల మీద పడుకునేది. ఆ మిల్లులో నా మాట మధ్యలో లేచి వెళ్ళిపోని ప్రాణి అదొక్కటే.

ఆ ఏడు వానలు మొదలయ్యాక తౌడు ముక్కు మీద చిన్న చిన్న పొక్కులు లేచాయి. తరవాత ముక్కు దూలమంతా ఉబ్బింది, పెచ్చులు కట్టింది, వెంట్రుకలు రాలాయి. చెవుల అంచులు ఎర్రగా, దళసరిగా తయారయ్యాయి. ముఖం చూస్తే వేరే పిల్లేమో అనిపించేది. రాజమండ్రి తీసుకెళ్తే అక్కడొక ప్రైవేటు డాక్టరు చూడగానే చీముగడ్డ అని చెప్పి కోశాడు. చీము రాలేదు, నెత్తురొచ్చింది. ఎందుకు రాలేదని అడిగితే, "వస్తదండి, రెండ్రోజులాగండి" అన్నాడు. ఆ కోత మీద మిల్లులో ఎవరో జాలిపడి సున్నం, పసుపు కలిపి పట్టువేశారు. వాపంటే మా వైపు అందరి చేతా అదే వస్తుంది. మనుషులు దాన్ని నాకరు కదా. పిల్లి నాకింది. పెదవి కూడా కాలింది.

అలా ఉన్న తౌడుని వెదురుబుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, పశువైద్యశాలకి తీసుకెళ్ళాను. పొద్దుట్నుంచి నిలబడ్డాను. నా వెనకొచ్చిన గేదెలు నాకంటే ముందు లోపలికెళ్ళాయి. చివరికి మా వంతు వచ్చింది. ఉన్న ఒక్క స్టూలు మీద బుట్ట పెట్టమన్నారు. తువ్వాలు తీశారు.

"ఏమండీ, ఏంటి ఇబ్బంది?"

నేను చెప్పడం మొదలెట్టాను. చేత్తో ఆపారు. ఆయన అడిగింది తౌడుని.

చాలాసేపు చూశారు. వేలి వెనక భాగంతో నొక్కారు. వాసన చూశారు. చెవి మడిచి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూశారు. తరవాత వెన్ను సరిచేసుకుని, "తెలీదండి" అన్నారు.

"తెలీదంటే?"

"ఇదేంటో నాకింకా తెలీదండి."

"పొద్దుట్నుంచీ నిలబడ్డానండి నేను. తెలీకపోతే బయట ఆ బోర్డెందుకండి?"

"బోర్డు నేను పెట్టింది కాదండి. నేనొచ్చేసరికే ఉంది."

కాంపౌండరు నవ్వాడు. ఆ నవ్వు నేను ఇంకా మర్చిపోలేదు, వాడికి ఈమధ్యే మనవడు పుట్టినా సరే.

డాక్టరు గారు నవ్వలేదు. "ఇక్కడ పైన సున్నం మంటుందండి. దాని కింద కోత. ఆ రెండిటి కిందా అసలుది. నాకు పైవే కనిపిస్తన్నాయి. వాటిని మాననివ్వండి."

"అప్పుడు తెలుస్తుందా?"

"అప్పుడు చూడ్డం మొదలెట్టొచ్చండి."

పైవాళ్ళకి ఫిర్యాదు రాద్దామని మిల్లుకి వచ్చి కాగితం తీశాను. కరెంటాఫీసుకీ, మునిసిపాలిటీకీ రాసిన చెయ్యి నాది, మాటలకి తడుముకోను. కానీ ఏమని రాయాలి? తెలియనిది తెలియదన్నారని రాస్తే చదివేవాడు ఏమనుకుంటాడు? తౌడు వచ్చి ఆ కాగితం మీదే పడుకుంది. ఊరుకున్నాను.

కోత మానాక మళ్ళీ వెళ్ళాను. ఈసారి సన్న సూదితో వాపులోంచి చుక్క తీసి, అద్దం పలక మీద పామి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూశారు. పెచ్చు గీకి అదీ చూశారు. నన్ను కూడా చూడమన్నారు. ఎర్రటి గింజలు చల్లినట్టుగా ఏవో కనిపించాయి.

"ఇవి చీముకి వచ్చేవి కాదండి. ఒంటికేదో పడనప్పుడు పరిగెత్తుకొచ్చే కణాలు. ఏది పడలేదో మాత్రం ఇవి చెప్పవు."

"అంటుకునేది కాదు కదా?"

"తామరేమోనని వెతికాను. కనపళ్ళేదు." పలక పక్కన పెట్టి, "కనపళ్ళేదంటే లేదని కాదండి" అన్నారు.

"మరి ఏమిటంటారు?"

"ఇంకా తెలీదండి. ఈవిడ సాయంత్రాలు ఎక్కడుంటారు?"

నాకు తెలియదు. సాయంత్రమైతే నేను లెక్కలు ముగించుకునే హడావిడిలో ఉంటాను. ఆ మాటే చెప్పాను. "అయితే మీకూ తెలీదన్నమాట" అన్నారు. ఎగతాళిగా అనలేదు, తోడు దొరికినట్టు అన్నారు. అయినా నాకు కోపమొచ్చింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం స్కూటరు మీద మిల్లుకి వచ్చారు. ఆఫీసులోకి రమ్మంటే రాలేదు. తౌడు వెనకే నడిచి, ధాన్యం నానబెట్టే తొట్ల దగ్గరికి వెళ్ళారు. అక్కడ మురుగుకాలవ గట్టు మీద అది రోజూ కప్పల కోసం కాచుక్కూర్చుంటుందట. డాక్టరు గారు బక్కెట్టు బోర్లించుకుని, దానికి కాస్త దూరంలో కూర్చున్నారు. ఓనరు గారు కారెక్కబోతూ ఆగి, "ఏం చేస్తన్నారండి ఈయన?" అని నన్నడిగారు.

పొద్దు వాలాక నన్ను చేత్తో పిలిచారు. "మాట్లాడకండి. చూడండి."

తౌడు కదలకుండా కూర్చుని ఉంది. కాలవ మీంచి దోమలు లేచాయి. ఒంటి మీద వెంట్రుకలు ఒత్తుగా ఉన్నచోట వాలి లేచిపోయేవి. ముక్కు మీదా, చెవుల మీదా, వెంట్రుకలు పల్చగా ఉన్నచోట వాలి అక్కడే ఉండిపోయేవి. అది తల విదిలించడం, అవి మళ్ళీ వాలడం. డాక్టరు గారి మోచేతి మీదా వాలాయి. కొడితే ఆ చప్పుడుకి తౌడు లేచిపోతుందని ఆయన కొట్టుకోలేదు. వాటి కడుపులు ఎర్రగా నిండేదాకా అలాగే కూర్చున్నారు.

మర్నాడు చీటీ రాసిచ్చారు. దురదకి మందు, దాని కింద దోమతెర. కాంపౌండరు చీటీ చదివి, "పిల్లికా, గుమస్తా గారికాండి?" అన్నాడు. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాను. డాక్టరు గారు వరండాదాకా వెనకే వచ్చారు.

"వెటకారం కాదండి. దోమ అన్ని పిల్లుల్నీ కుడుతుంది. వాటికి అప్పుడే మానిపోద్ది. ఈవిడ ఒంటికి ఆ కాటు పడదు. కుట్టిన ప్రతిసారీ ఒళ్ళు పెద్ద గొడవ చేసి పైకి లేస్తంది. అలా అనుకుంటన్నాను, ఇంకా తెలీదు. కొందరి ఒంటికి చిన్న కాటు కూడా మర్చిపోవడం రాదండి."

ఆ చివరి మాట పిల్లిని అన్నారో నన్నన్నారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

పసిపిల్లల మీద బోర్లించే గొడుగు తెర కొన్నాను. తౌడు దాన్ని ఒక్క పూటలో చీల్చేసింది. చివరికి ఆఫీసు గది కిటికీలకి తెరగుడ్డ బిగించి, పొద్దు వాలేముందే దాన్ని లోపల పెట్టి తలుపు వేసుకుని, నేనూ అందులోనే కూర్చున్నాను. బాయిలరు పక్క గది. ఉడుకుతున్న ధాన్యంతో పాటు నేనూ ఉడికాను. కానీ వాపు దిగింది. పెచ్చులు చాలావరకు రాలి, ముక్కు మీద మెత్తటి నూగు మొలిచింది. చూపించడానికి తీసుకెళ్తే ఆయన సంతోషిస్తారనుకున్నాను.

"బాగుందండి" అన్నారు తౌడుతో. నా వైపు తిరిగి, "ఇప్పుడు రెండు సాయంత్రాలు బయటికి వదలండి" అన్నారు.

"ఎందుకు?"

"మళ్ళీ వాస్తే దోమే. వాయకపోతే నేను పొరపాటు పడ్డట్టు."

"తగ్గింది చాలదాండి?"

"తగ్గింది. ఎందుకు తగ్గిందో? మందు వేశాం. చలి మొదలైంది. తెర కట్టాం. ఇన్నిట్లో ఏది?"

"ఏదైతే ఏంటండీ?"

"రేపెవరన్నా అడిగితే తెలుసని చెప్పాలి కదండీ."

"నేను వదలను" అన్నాను. ఇంకా చాలా అన్నాను. మీ పరీక్షలకి మా పిల్లి ముఖమే దొరికిందా అన్నాను. ఆయన తౌడు చెవి నిమురుతూ అంతా విని, "మీ ఇష్టమండి" అన్నారు. నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

అడిగేవాళ్ళు మిల్లులోనే తయారయ్యారు. కళ్ళంలో ఉడికిన ధాన్యం ఆరబోసే సత్తెమ్మకి ఏడాది నిండని కొడుకు. ఆవిర్లు కక్కే ఆ ధాన్యం పక్కనే చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి పని చేసుకునేది. వాడికి మెడంతా ఎర్రగా పేలింది. తౌడు ముఖం అందరూ చూసిందే. పిల్లి జబ్బు పిల్లాడికి అంటుకుందన్నారు. సత్తెమ్మ ఏడ్చింది. మిగతా ఆడవాళ్ళు పిల్లిని పంపిస్తే గాని పనిలోకి రామన్నారు. ఓనరు గారు నన్ను పిలిచారు.

"గుమస్తా గారూ, పిల్లి పోతే ఇంకోటి వస్తదండి. మనుషులు రాకపోతే మిల్లు ఆగిపోద్ది. రేపు పొద్దున్నే వాచ్‌మన్ దాన్ని గోనెసంచిలో వేసి గోదావరి అవతల వదిలేసి వస్తాడు."

నేను ఎన్నో చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ విన్నారు. నాకు తెలిసిన డాక్టరు ఒక్కరే. ఫోన్‌లో నమస్కారం కూడా పెట్టకుండా, "రేపు పొద్దున్న పిల్లిని పారేస్తారట" అన్నాను. "వస్తానండి" అన్నారు.

పొద్దున్న ఆయన వచ్చేసరికి గేటు దగ్గర గోనెసంచి సిద్ధంగా ఉంది. ధాన్యం పరిచే ఆడవాళ్ళు పారలు వదిలేసి వచ్చి నిలబడ్డారు. ఓనరు గారు సూటిగానే అడిగారు.

"డాక్టరు గారూ, ఇది అంటుకునేదా, కాదా? ఒక్కమాట చెప్పండి. ఆలోచిస్తానంటే మాత్రం కుదరదండి."

ఆయన నోటికి అలవాటైన మాట ఏమిటో నాకు తెలుసు. అది అన్నారంటే తౌడు సంచిలోకి వెళ్ళిపోతుంది.

ఆయన వాచీ విప్పి జేబులో వేసుకున్నారు. చేతులు రుద్దుకున్నారు. తౌడుని నా చేతుల్లోంచి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, ఇంకా ఒకటి రెండు పెచ్చులు మిగిలున్న దాని ముక్కుని తన చెంపకి ఆనించుకున్నారు. ఊరికే ఆనించడం కాదు, గట్టిగా, అటూ ఇటూ రుద్దారు. తౌడు కళ్ళు మూసుకుంది.

"తెలుసండి. ఇది అంటుకోదు. ఈవిడకి దోమకాటు పడదు, అంతే."

సత్తెమ్మ ముందుకొచ్చింది. "నిజమేనా బాబుగారూ? మా బుడ్డోడికి మెడంతా పేలిందండి."

"చూస్తే చెమటకాయల్లా ఉందమ్మా. కానీ నేను పశువుల డాక్టర్ని. ఇవాళే పిల్లల డాక్టరుకి చూపించు. ఈవిడ మీద మాత్రం నింద వెయ్యకు."

"ఆయ్, అలాగేనండి" అంది.

టీ తెప్పించారు. తౌడుని ఒళ్ళో పెట్టుకునే తాగారు. ఓనరు గారు, "అంత తెగించి చెప్తే ఇంకేముందండి" అని సంచి తీసెయ్యమన్నారు. స్కూటరు దాకా నేను వెంట వెళ్ళాను. కృతజ్ఞత చెప్పాలనే వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"ముందే తెలిసినప్పుడు ఇన్నాళ్ళూ తెలీదు తెలీదని ఎందుకు తిప్పారండీ?"

ఆయన నవ్వారు. స్కూటరు కిక్కు కొట్టారు. వెళ్ళిపోయారు.

పిల్లాడిది చెమటకాయే అయింది. ఆ తరవాత కొన్నాళ్ళు డాక్టరు గారు దారిన పోతూ మిల్లు దగ్గర ఆగేవారు. టీకని వచ్చేవారు. సత్తెమ్మ కొడుకుని ఉయ్యాల్లోనే పెన్నుతో మెడ కింద చక్కిలిగిలి పెట్టి నవ్వించి, తౌడుని పలకరించి వెళ్ళేవారు. నన్ను పలకరించేవారు కాదు. మరుసటేడు ఆయనకి బదిలీ అయింది. అక్కణ్ణుంచే రిటైరయ్యారు.

ఫ్లెక్సీ చూసిన వారానికి ఆత్రేయపురం దగ్గర వాళ్ళ ఊరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన భార్య తెల్లచీరలో వరండాలో కూర్చుని ఉన్నారు. నేనెవరో చెబుతూంటే మధ్యలోనే, "తౌడు గుమస్తా గారాండి?" అన్నారు. నా పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదని అప్పుడు అర్థమైంది. పళ్ళెంలో పూతరేకులు తెచ్చిపెట్టారు. "ఆయనకి షుగరని ఇన్నేళ్ళూ ఇంట్లోకి రానివ్వలేదండి. ఇప్పుడెవరో ఒకరు తెస్తనే ఉన్నారు" అన్నారు.

"తౌడు ఉందాండి?"

"ఉందండి. ముసలిదైపోయింది. కిటికీలకి ఇనప జాలీ కొట్టించాం. ముఖం శుభ్రంగా ఉంది."

ఆవిడ ముఖం కాస్త తేటపడింది. "ఆ రోజుల్లో పొద్దున్నే నాకదే పనండి. లేవగానే క్వార్టర్సు పెరట్లో ఎండలోకి తీసుకెళ్ళి చెంప చూపించేవారు. ఎర్రగా, గుండ్రంగా ఏమన్నా లేస్తందేమో చూడు, సరిగ్గా చూడు అని. తువ్వాలు వేరు, సబ్బు వేరు. పక్క కూడా ముందు గదిలో వేసుకున్నారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. తామరే అయితే ముందు నాకే రావాలి, వస్తే ఆ తల్లికి వెళ్ళి చెప్పాలి అనేవారు. రోజు మార్చి రోజు ఆ పసివాడి మెడ చూసొచ్చేవారు."

నేను పళ్ళెం కింద పెట్టాను.

"తెలుసని అందరి ముందూ చెప్పారండి. నేను అక్కడే ఉన్నాను."

"తెలిస్తే నన్నెందుకండీ చూడమంటారు?"

ఇంటికొచ్చే బస్సులో దాని గురించే ఆలోచించాను. బయటికి వదిలి చూద్దామంటే నేను వదలనన్నాను. తౌడు ముఖం మీద చెయ్యనివ్వని పరీక్ష ఆయన తన ముఖం మీద చేసుకున్నారు. జీవితమంతా తెలియదని చెప్పడానికి సిగ్గుపడని మనిషి, ఒకే ఒక్క పొద్దున, గోనెసంచి ముందు నిలబడి, తెలుసన్నారు.

ఆయన మీద నాకు మిగిలిన ఫిర్యాదు ఇదొక్కటే. అప్పుడే నాతో చెప్పాల్సింది. చెప్పి ఉంటే, మిల్లుకి వెళ్ళేముందు రోజూ ఆ పెరట్లో ఆగి, ఆ చెంప నేనూ చూసేవాణ్ణి.